చెల్లె ల్యాప్‌టాప్‌లో అమ్మ పిలుపులు

ఈ ఏటి శ్రావణమాసం, రెండో ఆదివారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. వికారాబాద్‌లో నా ఇంటి ముందుగదిలో, మా చెల్లె వాడిన పాత ల్యాప్‌టాప్‌ను మా మేనకోడలు బల్లమీద పెట్టి తెరిచి, అందులో ఉన్న విండోస్ తీసేసి, పాత యంత్రాలను కూడా నడిపించే లైనక్స్ వేసే పని మొదలుపెట్టింది. వేళ ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడిగేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. తాండూరులో ఒక పప్పుమిల్లు గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు రాసినదాన్ని, ఏ బండి ఎన్ని గంటలకు వచ్చిందో రాయకుండా లోపలికి వదిలిన రోజు లేదు, ఉద్యోగం ముగిసినా ఆ అలవాటు నాతోనే వచ్చింది.

చెల్లె పోయి అప్పటికి ఏడు నెలలు. పుష్యమాసంలో, పొద్దున పూట, పెద్దగా బాధపడకుండానే పోయింది. నేను ఏడవలేదు. పదిరోజుల కర్మ అయ్యేదాకా వచ్చినవాళ్ళకు చాయ్ లెక్క చూసుకున్నాను, తరువాత ఆమె బట్టలు మడిచి ఒక పెట్టెలో పెట్టాను, ల్యాప్‌టాప్‌ను ఆమె కుట్టుకున్న గుడ్డసంచిలోనే ఉంచి అల్మారాలో పెట్టి తలుపు వేశాను. నెలకొకసారి తీసి చార్జింగ్ పెట్టేదాన్ని. అలా పెట్టినప్పుడల్లా తెరమీద ఒక హెచ్చరిక వచ్చేది, ఈ విండోస్‌కు ఇక రక్షణ అందదని, కొత్తది వేయాలంటే ఈ యంత్రం చాలదని. మేనకోడలు ఇక్కడే ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతుంది, మా తమ్ముడి పెద్దబిడ్డ, నలభై దాటిన మనిషి. వాళ్ళ బడిలో మూలకు పడ్డ పాత యంత్రాలన్నిటికీ తనే లైనక్స్ వేసి లేపిందట. చిన్నత్త యంత్రం పారేయడమెందుకు, ఇంకో ఆరేళ్ళు నడిపిస్తానని అన్నది. నాకూ అదే కావాలి. ఆ యంత్రం నడుస్తూ ఉండాలి, ఎందుకంటే అమ్మ గొంతు అందులోనే ఉంది.

ఆ గొంతు అందులోకి ఎలా చేరిందో చెప్పాలంటే తాండూరు రోజుల్లోకి పోవాలి. నా భర్త పెళ్ళైన ఆరో ఏటనే పోయారు. చెల్లె పెళ్ళి చేసుకోలేదు, ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ. మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకున్నాం, కింద నల్లటి నాపరాతి బండలు, వేసవిలో వాటిమీద చాప కూడా వేసుకోకుండా పడుకునేవాళ్ళం. ఊళ్ళో రాళ్ళ పాలిషు మిషన్ల చప్పుడు పొద్దున ఎనిమిదికి మొదలయ్యేది, సాయంత్రానికి తులసికోట మీద కూడా తెల్లటి రాతిపొడి పేరుకునేది. మా ఈడు వాళ్ళకు ఆ ఊరి గంజ్ బజారు గుర్తుండే ఉంటుంది, ఒక దుకాణంలో తెలుగు, పక్క దుకాణంలో కన్నడం, బేరం కుదిరే వేళకు ఇద్దరి నోటా ఉర్దూ. మిల్లులో ఆడమనిషిని గేటు దగ్గర కూర్చోబెట్టడం అప్పట్లో కొత్త, మొదట్లో బండివాళ్ళు నవ్వేవాళ్ళు, తరువాత నేను రాసిన లెక్కకు ఎదురు చెప్పడం మానేశారు. నా పని బస్తాలు లెక్కపెట్టడం వరకే. ఐదేసి గీతలు గీసి, వచ్చినవి ఇన్ని, దిగినవి ఇన్ని అని సరిచూసి సంతకం పెట్టేదాన్ని. బస్తా విప్పి కందులు ఎలా ఉన్నాయో చూసే మనిషి వేరు, లోపల కూర్చునేవాడు. ఒకరి పనిలో ఒకరు చెయ్యి పెట్టకూడదన్నది ఆ మిల్లు పద్ధతి. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను ఒక్క బస్తా మూతి కూడా విప్పలేదు.

మాది గొర్రెల మంద కాసిన ఇల్లు. నాయన పోయాక కూడా అమ్మ ధారూర్ దగ్గర మా ఊళ్ళోనే తమ్ముడి దగ్గర ఉండేది. చూపు మందగించి మంద వెంట పోవడం మానినా, సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు వాకిట్లో నిలబడి ఒక్క పిలుపు పిలిస్తే గొర్రెలు దొడ్డి దారి పట్టేవి. తమ్ముడు పిలిస్తే వచ్చేవి కావు. చెల్లెకు ఉద్యోగం చివరి ఏళ్ళలో ల్యాప్‌టాప్ కొనాలని బుద్ధి పుట్టింది, కొన్నది, కొన్న రెండో వారానికే దాన్ని సంచిలో వేసుకుని అమ్మ దగ్గరికి పోదాం పదమన్నది. అప్పటినుంచి రెండేళ్ళపాటు, వీలున్న ఆదివారమల్లా, తాండూరులో ప్యాసింజర్ ఎక్కి ధారూర్‌లో దిగి, ఆటో పట్టుకుని ఊరికి పోయేవాళ్ళం.

అమ్మ గడపలో కూర్చునేది, చెల్లె ఆమె ముందు పీటమీద యంత్రం పెట్టేది. మొదటి రోజు అమ్మ దానిమీద చెయ్యి వేసి తడిమి చూసి, వేడిగా ఉందని చెయ్యి తీసేసింది.

“ఏందే, నేను మాట్లాడితె గీ డబ్బల వడుతదా?”

“వడుతదే అవ్వా. నువ్వు మందను పిలిచినట్టు పిలువు.”

“మంద లేకుంట ఎట్ల పిలుస్తరే, పిచ్చిదానివా? గొర్లు గుట్ట మీదున్నయ్. గిప్పుడు పిలిస్తె ఉరికొస్తయ్, మీ తమ్ముడు నన్ను తిడుతడు.”

అయినా పిలిచింది. ఏ పిలుపు ఎందుకో చెల్లె ఓపికగా అడిగేది. నీళ్ళకు దించే పిలుపు వేరు, వాన ముంచుకొచ్చినప్పటిది వేరు, తోడేలు వాసన తగిలినప్పుడు నాలుకను అంగిటికి కొట్టి చేసే చప్పుడు వేరు. అన్నిటికంటే పొడుగైనది పిల్లను పట్టించే పాట. తొలిచూలు గొర్రె ఒక్కోసారి ఈనిన పిల్లను దగ్గరికి రానివ్వదు, తలతో కొట్టి తోసేస్తుంది. అప్పుడు అమ్మ పిల్ల ఒంటికి ఉప్పునీళ్ళు రాసి తల్లి ముందు పడుకోబెట్టి, గొర్రె మెడ నిమురుతూ సన్నగా పాడుతూ కూర్చునేది, గొర్రె ఉప్పు కోసం నాకడం మొదలుపెట్టి, నాకి నాకి వాసన పట్టి, చివరికి పిల్లకు పొదుగు ఇచ్చేదాకా ఆ పాట ఆగేది కాదు.

నా పని గడియారం చూడడం. ఏది ఎన్ని నిమిషాలు నడిచిందో క్యాలెండర్ కాగితాల వెనక రాసుకునేదాన్ని, చెల్లె ఇంటికొచ్చాక ఆ లెక్క ప్రకారం ఒక్కోదానికి పేరు పెట్టుకునేది. చూపు సరిగా ఆనకపోయినా అమ్మ నన్ను వదల్లేదు.

“మీ అక్క ఆడ కూసుండి ఏం జేస్తుందే? పానం ఈడ లేదు దానికి. రైలు యాళ్ళ లెక్కవెడుతుంది.”

నిజమే, సాయంత్రం రైలు తప్పితే మళ్ళీ రాత్రికి గానీ లేదు.

అమ్మ పోయాక చెల్లె ఆ నలభై ఒక్క రికార్డులనూ తెరమీద వరసగా పెట్టుకున్నది, ఒక్కోదానికి ఒక్కో చిన్న బొమ్మ, కింద పేరు. సాయంత్రం దీపం పెట్టాక ఒకటి విని మూసేది. నేను ఆ వేళకు వంటింట్లో పని పెట్టుకునేదాన్ని. ఇద్దరి ఉద్యోగాలూ అయిపోయి వికారాబాద్‌కు మారిన తరువాత కూడా అదే వరస. నాకు వినాలని లేక కాదు, తీరిగ్గా ఒకనాడు మొదటినుంచి చివరిదాకా కూర్చుని వింటానని అనుకున్నాను. చెల్లె పోయాక ఆ రోజు ఇంకా వెనక్కి జరిగింది. ఆ రికార్డుల్లో అమ్మ ఒక్కతే కాదు, మధ్యమధ్య అడిగే చెల్లె కూడా ఉంది.

లైనక్స్ వేసే ముందు యంత్రంలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుందని, కావలసినవి పెన్‌డ్రైవ్‌లోకి తీయాలని మేనకోడలు ముందే చెప్పింది, తను వచ్చి తీస్తానన్నది. నేనే తీస్తానన్నాను. చెల్లె నాకు అంతవరకు నేర్పింది. శనివారం సాయంత్రం కూర్చుని తెరమీది బొమ్మలను ఒక్కసారిగా పట్టి పెన్‌డ్రైవ్‌లోకి లాగాను. ఇక్కడ నలభై ఒకటి, అక్కడ నలభై ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టాను. రెప్పపాటులో అయిపోయింది, పెన్‌డ్రైవ్ మంచిదనుకున్నాను. ప్రతి బొమ్మ మూలన వంకర బాణం ఒకటి ఉంది, అది పాట అని తెలిపే గుర్తు అనుకున్నాను. మా తమ్ముడింట్లో నా లెక్కంటే పెళ్ళి ముహూర్తం కంటే గట్టిది, ఎవరూ తిరిగి చూడరు. ఆదివారం మేనకోడలు మాత్రం ఒకమాట అడిగింది.

“ఒకటి వెట్టి చూద్దమా పెద్దత్తా? నాయినమ్మ మాట వస్తుందా లేదా?”

“లెక్క సరిపోయింది బిడ్డా. పెట్టకు.”

తను నా మొహం చూసి మళ్ళీ అడగలేదు. తనకు తెలుసు, ఆ ఇంట్లో ఆ పొద్దు ఆ గొంతులు వినిపిస్తే నేను నిలబడలేనని. తన సంగతీ అంతే. తరువాత తెరమీద ఏదో ప్రశ్న వచ్చింది.

“గిది ఒత్తితె అంత తుడుచుకపోతది. ఒత్తన్నా?”

“జరుగు, నేనొత్తుత.”

నేనే ఒత్తాను. సన్నటి గీత ఒకటి ఎడమనుంచి కుడికి నిండుతూ పోయింది. ఈలోగా మేనకోడలు వాళ్ళ బడిలో పిల్లలు కంప్యూటర్ మౌస్ కోసం ఎలా కొట్టుకుంటారో చెప్పి నవ్వించింది, నేను బియ్యం కడిగి పొయ్యిమీద పెట్టాను. పన్నెండుకు ఐదు నిమిషాల ముందు యంత్రం మళ్ళీ లేచింది. శుభ్రంగా, చల్లగా, చెల్లె వాడినప్పటికంటే చురుగ్గా ఉంది. మేనకోడలు పెన్‌డ్రైవ్ పెట్టింది. నలభై ఒక్క పేర్లు వచ్చాయి, చెల్లె పెట్టిన పేర్లే. మొదటిది నొక్కింది, ఏమీ రాలేదు. రెండోది, మూడోది నొక్కింది. తరువాత అన్నిటి పరిమాణం చూసింది.

“గివి పాటలు కావు పెద్దత్తా. పాట లోపల ఫలాన జాగల ఉన్నదని చూపెట్టే గుర్తులు, గంతే. అసలుయి చిన్నత్త ఇంకో అరల వెట్టుకున్నది. గా అర ఇప్పుడే తుడిచినం.”

తుడిచినం అన్నది, నువ్వు తుడిచినవ్ అనలేదు.

నేను అన్నం వార్చాను. ఇద్దరం బెండకాయ కూరతో తిన్నాం. తను రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుని, తనే ఒకటి విప్పి చూడాల్సిందని ఏడ్చింది. నేను పళ్ళేలు తీశాను. నాకు ఏడుపు రాలేదు, రాకపోవడం కూడా బాధ అనిపించలేదు, గది ఉన్నచోటే ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది.

బుధవారం తను సెలవు పెట్టి యంత్రాన్ని హైదరాబాద్ తీసుకుపోయింది, పోయినవాటిని వెలికితీసే దుకాణం ఒకటి ఉందట. వారం ఉంచుకున్నారు. మూడేళ్ళ కిందట చెల్లె పాత డిస్కు మార్పించి కొత్త రకం వేయించుకున్నది, ఈ రకంలో ఇలా తుడిచాక వెలికితీయడానికి ఏమీ మిగలదని చెప్పి తిరిగిచ్చారు. తీసేసిన పాత డిస్కు అప్పుడే తుక్కులోకి పోయింది. తిరిగొచ్చిన రోజు మేనకోడలు రైలు దిగి నేరుగా మా ఇంటికే వచ్చి, సంచి నా చేతికిచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

“పెద్దత్తా, గా పిల్లను వట్టించే పాట నీకన్న యాదికున్నదా? ఒక్క ముక్కన్న?”

పన్నెండు నిమిషాల నలభై సెకన్లని చెప్పాను. నాకు గుర్తున్నది అంతే.

అమ్మ కాలంలో ఆ పిలుపులు ఎవరూ ఎక్కడా దాచలేదు. ఊళ్ళో పది మందలుండేవి, పది ఇళ్ళలో ఆడవాళ్ళ నోళ్ళలో అవి ఉండేవి, ఒకామె పోతే ఆమె కోడలు పిలిచేది, గొర్రెకు పెద్ద తేడా తెలిసేది కాదు. ఇప్పుడు మా తమ్ముడు మంద అమ్మేశాడు, మేపిన గుట్టకింది భూమిలో హద్దురాళ్ళు పాతి కంచె వేశారు, తొలిచూలు గొర్రె ముందు కూర్చునే ఓపిక ఎవరికీ లేదు, ఆ అవసరమూ లేదు. వినాలని ఉండికూడా తరువాత విందామని పెట్టుకున్నవాళ్ళు మా ఈడులో నేనొక్కదాన్నే కానని అనుకుంటాను. యంత్రం మాత్రం బాగా నడుస్తోంది. కరెంటు బిల్లు దానిలోనే కడుతున్నాను.

పోయినవి ఇవి. మొత్తం రికార్డులు నలభై ఒకటి, అన్నీ కలిపి ఆరు గంటల యాభై రెండు నిమిషాలు. వాటిలో మంద పిలుపులు పదకొండు. పాటలు తొమ్మిది. అమ్మ చెప్పిన ముచ్చట్లు పద్నాలుగు. మేపిన గుట్టల పేర్లు, దారుల పేర్లు చెప్పినవి నాలుగు. అమ్మ ఏమీ మాట్లాడకుండా కూర్చున్నవి మూడు. చెల్లె అడిగిన ప్రశ్నలు ఎన్నో నేను రాసుకోలేదు.