నిమ్మకాయ దగ్గర పాట

మా లారీలో పాట చాలాకాలం మెడ వెనక నుంచే వచ్చేది. ఈ దోవల్లో తిరిగే లారీలు చాలావాటిలో అంతే. సీట్ల వెనక పడుకోవడానికి బల్ల ఉంటుంది, దాని పైన ఒక ప్లైవుడ్ పలక, ఆ పలకకు రెండు స్పీకర్లు. పాట పెడితే ఎవరో వెనక కూర్చుని మన నెత్తిమీద అరుస్తున్నట్టు ఉంటుంది. ఎంత మోత వస్తే అంత మంచి సెట్టని పేరు. చిత్తూరులో బెల్లం, గూడూరులో నిమ్మకాయలు, కాపు వచ్చినప్పుడు మామిడి, ఏది ఎత్తినా ఆ మోతలోనే నాయనా నేనూ వంతులేసుకుని నడిపేవాళ్లం. ఒకరు స్టీరింగు దగ్గర ఉంటే ఇంకొకరు ఎడమ సీట్లో.

ఎవరి వంతో తెలియడానికి మాకొక పద్ధతి ఉంది. నడిపేవాడి తువ్వాల ఆ సీటు వీపు మీద వేసి ఉండాలి. దిగిపోయేవాడు తన తువ్వాల తీసుకుపోతాడు, ఎక్కేవాడు తనది వేసుకుంటాడు. తువ్వాల తీయకుండా దిగాడంటే, టీ తాగి వచ్చి మళ్లీ తనే నడుపుతాడని అర్థం. దీనికి మాటలతో పనిలేదు. ఎడమ సీట్లో ఉన్నవాడు ఊరికే కూర్చోకూడదు. ఆ పక్క అద్దం చూస్తూ, ఎవరు దూరుతున్నారో, ఎక్కడ ఖాళీ ఉందో నడిపేవాడికి చెబుతూ ఉండాలి.

నాకు పాట పిచ్చి అంటించింది తిరుపతిలో కార్లకు సెట్లు బిగించే ఒక భాయ్. హెడ్‌లైటు వైరు కోసం ఆయన దుకాణానికి పోతే, ఎవరిదో కారులో నన్ను కూర్చోబెట్టి, "కండ్లు మూసుకో అన్నా" అన్నాడు. మూసుకున్నాను. పాడే మనిషి నా ఎదురుగా, అద్దానికి అవతల నిలబడి ఉంది. తబలా ఆమెకు కుడిపక్క జానెడు దూరంలో. వయొలిన్లు ఇంకా వెనకగా, కారుకంటే వెడల్పుగా. కండ్లు తెరిస్తే ఏముంది, డాష్‌బోర్డు, దుమ్ము. మళ్లీ మూసుకున్నాను. ఆమె అక్కడే ఉంది. ఇన్నేళ్లూ పాటను వింటున్నానని అనుకున్నాను గాని, అది నిలబడేందుకు ఒక చోటు ఉంటుందని నాకు తెలియదు. వైరు సంగతి మరిచిపోయి ఇంటికొచ్చాను.

ఆ తర్వాత నాయనకు మనశ్శాంతి లేదు. వెనక పలక పీకేశాను. స్పీకర్లను ముందు డోర్ల అడుగున పెట్టాను. పాట మోకాళ్ల దగ్గర పాకుతూ వచ్చింది. "కాళ్లకు ఇనిపిస్తా ఉండావా అన్నా?" అని భాయ్ నవ్వాడు. పీకి, ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాలకు ఎక్కించాను. వాటి ముఖం నడిపేవాడి వైపు తిరగడానికి కింద చెక్కముక్కలు చెక్కి పెట్టాను. అంత పెద్ద అద్దం కదా, శబ్దం దానికి తగిలి చెదిరిపోతుంటే డాష్‌బోర్డు మీద మందపాటి జంపకానా పరిచాను. రెండు సీట్ల మధ్య ఇంజను మూత మీద పాత బొంత వేశాను. ఇన్ని చేసినా పాట కుడికి జారేది. నడిపేవాడు కూర్చునేది కుడిపక్కన. దగ్గరి స్పీకరు శబ్దం ముందు చేరుతుంది, దూరపుది వెనకబడుతుంది. ముందు వచ్చిన దాని వైపే చెవి పోతుంది. దగ్గరిదాన్ని ఒక్క రవ్వ ఆపి వదిలే ఏర్పాటు సెట్టులోనే ఉందని భాయ్ చూపించాడు. ఇక దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

గురి చూసుకోవడానికి నాకు ఒక గుర్తు కావాలి. అద్దం నట్టనడుమ దారానికి నిమ్మకాయ వేలాడుతుంది మాకు. ప్రతి శుక్రవారం పూజ చేసి కొత్తది కడతాం. పాడే మనిషి ఆ నిమ్మకాయ దగ్గర నిలబడాలి, అదీ నా పట్టుదల. కండ్లు మూసుకుని వినడం, తెరిచి నిమ్మకాయను చూడడం, ఒక మీట నొక్కడం, మళ్లీ మూసుకోవడం. మామిడి మండీ ముందు వరుసలో నిలబడి లారీలో కండ్లు మూసుకుని ఊగుతున్న నన్ను చూసి పక్క లారీల వాళ్లు దయ్యం పట్టిందన్నారు. ఒక రోజు కుదిరింది. గొంతు సరిగ్గా నిమ్మకాయ దగ్గర ఆగింది. ఒంటరిగా కూర్చుని ఏడ్చినంత పని చేశాను. నవ్వితే నవ్వుకోండి.

నాయనను పిలిచి స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. కాసేపు విన్నాడు.

"బాగుండాది. అయితే పాట నీ పక్కన్నే ఉండాదే" అన్నాడు.

"నా పక్కన యాడ నాయనా? నడిమధ్యలో ఉండాది."

"నీ డోరు కాడ పాడతా ఉండాది. ఇంత సేసింది దీనికేనా?"

నాకు ఎక్కడో కాలింది. ఆయన నడిపినప్పుడల్లా మీట తిప్పి పాటను కుడికి లాక్కునేవాడు. నా వంతు రాగానే గొంతు నా కుడి భుజం మీద కూర్చుని ఉండేది. తిట్టుకుంటూ మళ్లీ మధ్యకు తెచ్చేవాణ్ణి. మళ్లీ ఆయన. కుడి స్పీకరు చచ్చిపోయిందని ఆయన వాదన. సరే అని భాయ్ దగ్గర దాన్ని మార్పించాను కూడా. కొత్తది పెట్టినా నాయన మాట అదే. "స్పీకరుకేం కాలేదన్నా. మీ నాయనకు పాతదే ఇష్టమేమో" అన్నాడు భాయ్. నేనూ అదే అనుకున్నాను. నేను పెట్టినదానికి వంకలు పెట్టడమే ఆయన పని అని కోపం పెంచుకున్నాను.

అలా ఉండగా ఒక పగలు గూడూరుకు ఖాళీ లారీ పోనిస్తున్నాం, నిమ్మకాయలు ఎత్తడానికి. శ్రీకాళహస్తి దాటాక ఎండ మొహం మీద కొడుతోంది. నాయన నడుపుతున్నాడు. వెనక నుంచి ఒక బస్సు గట్టిగా హారను కొడుతూ కుడిపక్కన దాటడానికి వచ్చింది. నాయన హారను విన్నాడు. విని, ఎడమ అద్దంలోకి తొంగి చూశాడు, దారి ఇవ్వడానికన్నట్టు లారీని కుడికి లాగాడు. బస్సు మీదికి.

"నాయనా, కుడిపక్క!" అని అరిచాను. ఎడమకు కోసి బ్రేకు తొక్కాడు. బస్సు మా పక్క అద్దాన్ని విరగ్గొట్టి, బూతులు విసిరేసి పోయింది. లారీ రోడ్డు పక్క మట్టిలోకి దిగి ఆగింది.

నాయన స్టీరింగును అరచేత్తో చరిచాడు.

"ఎడం పక్కన దూరినాడు సూడు ఆ నా కొడుకు."

"ఎడం పక్క యాడ? కుడిపక్కనే గదా వచ్చినాడు. అద్దం ఇరిగింది యా పక్క?"

ఆయన విరిగిన అద్దం వైపు చూశాడు. "మల్ల హారను ఎడం పక్కన ఎందుకు కొట్టినాడు? నేను ఇన్యా."

మళ్లీ బయలుదేరాం. నాయుడుపేట దగ్గర టీ అంగడి ముందు నాయన లారీ ఆపి, తువ్వాల సీటు మీదే ఉంచి దిగాడు. మళ్లీ తనే నడుపుతాడన్నమాట. నేను దిగలేదు. బస్సు మీద, ఆయన మీద, ఎండ మీద, అన్నిటి మీదా కోపంగా ఉంది. హారను ఎడం పక్కన కొట్టాడంట. పాట నా పక్కన ఉందంట. ఈయనకు లోకంలో అన్నీ ఎడం పక్కనే.

ఆ మాట మనసులో అనుకున్నానో లేదో, తలెత్తి ఆయన సీటు పక్కనున్న కుడి స్పీకరు వైపు చూశాను.

టీ తాగి వచ్చిన నాయనను సీట్లో కూర్చోమన్నాను. ఇంజను ఆపే ఉంది. పాట పెట్టాను.

"కండ్లు మూసుకో నాయనా. పాడే ఆమె యాడుండాదో ఏలు పెట్టి సూపించు."

"ఇప్పుడా? నీకు దయ్యమే పట్టింది" అంటూనే మూసుకున్నాడు. చేయి ఎత్తి నా డోరు వైపు చూపించాడు. నేను చప్పుడు కాకుండా ఎడమ స్పీకరు వైరు పీకేశాను. ఇప్పుడు పాడుతున్నది ఆయన కుడిచెవి పక్కనున్న స్పీకరు ఒక్కటే, జానెడు దూరంలో.

"ఇప్పుడు సూపించు."

వేలు కదల్లేదు. నా డోరు వైపే ఉంది. "ఆడనే. శానా తగ్గించినావు, అంతే."

ఆయన కండ్లు తెరిచాడు. నా చేతిలో ఊడిన వైరును చూశాడు, కుడిపక్క స్పీకరును చూశాడు, దాని మీద అరచేయి పెట్టాడు. అది అదురుతుండడం ఆయన చేతికి తెలిసి ఉంటుంది.

"మల్ల పెట్టు" అన్నాడు. ఇంకో పాట పెట్టించుకున్నాడు. వైరు తగిలించమన్నాడు, తీయమన్నాడు. ప్రతిసారీ తనే కండ్లు మూసుకుని, వేలు ఎత్తి, తెరిచి చూసుకున్నాడు. చివరకు ఎడమ చెవిలో వేలు పెట్టుకుని గట్టిగా మూశాడు. అలా నా నోటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నాయనా, ఇనపడతా ఉండాదా?" అన్నాను.

వేలు తీశాడు. "ఏమంటివి?"

మొహం పక్కకు తిప్పుకున్నాను.

"ఫోను ఈ చెవిలో పెట్టుకుంటే అవతలోళ్లు సరిగ్గా మాట్లాడరు అనుకుంటా ఉన్యా" అన్నాడు మెల్లగా. "కిటికీ పక్క చెవి గదా. ఎప్పుడూ గాలి హోరే. హోరే ఇనపడతా ఉండాది, ఇంకేం ఇనపడతాదిలే అనుకున్యా."

ఆ హోరు గాలిది కాదని తర్వాత తిరుపతిలో చెవి డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్లు కిటికీ పక్కన కూర్చుని, గాలీ హారన్లూ తిని ఆ చెవి అయిపోయిందన్నాడు. ఒక చెవితో వినేవాడికి శబ్దం వినపడుతుంది గాని ఎటునుంచి వస్తోందో తెలియదంట. అంతా బాగున్న చెవి వైపు నుంచే వచ్చినట్టు ఉంటుందంట. కాని ఆ మాట డాక్టరు చెప్పేసరికి మాకు కొత్త కాదు. నాయుడుపేట టీ అంగడి ముందే ఇద్దరికీ తెలిసిపోయింది. నాయన ఇంకా నడిపితే, ఆ పూట తప్పింది ఇంకో పూట తప్పదు.

ఆ సంగతి ఆయనతో ఎలా అనాలి? నాకు నడపడం నేర్పింది ఆయన. ఘాట్ రోడ్డులో గేరు మార్చే చప్పుడు విని ఏ లారీ ఎంత బరువుతో వస్తోందో చెప్పేవాడు. ఊళ్లో ఆయనను పేరుతో కాదు, "లారీ ఆయన" అని పిలుస్తారు. స్టీరింగు తీసేస్తే ఆయనకు ఏం మిగులుతుందో నాకు తెలియలేదు. ఆ టీ అంగడి ముందు వైరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. దిగు నాయనా అని నా నోటితో నేను అనలేను. నిజంగా అనలేకపోయేవాణ్ణే.

ఆయనే లేచాడు. సీటు వీపు మీది తువ్వాల తీసి దులిపాడు. ఇంజను మూత మీదుగా ఇవతలికి వచ్చి ఎడమ సీటు మీద వేసుకున్నాడు.

"పోనీ. నిమ్మకాయలు ఎత్తాల గదా" అన్నాడు.

ఆ రోజు గూడూరు దాకా మాట లేదు. మరుసటి వారమంతా కూడా అంతే. నేను ఏదో చెబుతాను, జవాబు ఉండదు. కోపం వచ్చిందనుకుని ఊరుకునేవాణ్ణి. తడ దగ్గర ఒక టోలు గేటులో ఆగినప్పుడు గాని నా బుర్రకు ఎక్కలేదు. ఎడమ సీట్లో కూర్చుంటే ఆయనకు వినికిడి పోయిన చెవే నా వైపు ఉంటుంది. మంచి చెవి కిటికీకి పోతుంది. నేను చెప్పిందంతా గోడకు చెప్పినట్టే.

మర్నాడు ఇంట్లో ఉన్నప్పుడు పనిముట్లు తీసుకుని లారీ ఎక్కాను. నేను కుదిర్చిన గురి అంతా స్టీరింగు సీటు కోసం. ఆ సీట్లో ఇక నేనొక్కణ్ణే. ఆయనకు కుడీ ఎడమా తేడా లేనప్పుడు నా ఒక్కడికి అంత సోకు ఎందుకు? రెండు పక్కల పాటనూ ఒకటిగా కలిపేసి, ఒక్క స్పీకరునే ఆయన ఎడమ చెవికి దగ్గరగా, కిటికీ పక్క స్తంభం మీద పెడదామని మర తిప్పుతున్నాను. నాయన వచ్చి కింద నిలబడ్డాడు.

"ఏం సేస్తా ఉండావు?"

చెప్పాను, గట్టిగా, ఎదురుగా.

"ఈడొద్దు" అన్నాడు. "కిటికీ గాలికి ఏమీ ఇనపడదు. నిమ్మకాయ కాడనే పెట్టు."

"ఆడ పెడితే నీకు పోయిన చెవి పక్క అవతాది నాయనా."

"పెట్టురా."

డాష్‌బోర్డు నడుమ, నిమ్మకాయ కింద పెట్టాను. చెక్కముక్కలన్నీ పీకి సంచిలో వేశాను. వయొలిన్లు, తబలా, ఆమె, అందరూ ఒకేచోట ఇరుక్కుని పాడారు. తిరుపతి భాయ్ వింటే మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు.

తర్వాతి బేరానికి బెల్లం వేసుకుని బయలుదేరాం. పాట పెట్టాను. కాసేపు ఊరికే కూర్చున్న నాయన, సీట్లో పూర్తిగా నా వైపు తిరిగాడు. వీపు కిటికీకి, మొహం నాకు. అలా తిరిగితే ఆయన ఎడమ చెవి సరిగ్గా ముందుకు, నిమ్మకాయకు వస్తుంది.

నాకు తెలిసిన నాయన మొహం పక్కనుంచి చూసిందే. పక్క సీట్లో కూర్చుని చూస్తూ పెరిగిన ఆ దవడ, ఆ చెవి, రోడ్డు మీద నిలిచిన ఆ కన్ను. లారీలో ఆయన నా వైపు ఇంతసేపు చూసింది లేదు.

"ఇట్ల తిరిగితే పాటా ఇనపడతాది, నువ్వు సెప్పేదీ ఇనపడతాది" అన్నాడు. "ఏమన్నా సెప్పు."

ఆయన వైపే చూస్తూ ఉండిపోయాను.

"నన్నేంది సూసేది? రోడ్డు సూడు" అని, పాట వినడానికి మెడ ఇంకొంచెం నా వైపు తిప్పాడు.