గొర్రెలు మార్చిన గేరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ప్రొద్దుటూరు మెకానిక్కులందరికీ తెలుసు. బిగుసుకున్న నట్టును తిట్టకుండా విప్పిన రోజు నాకు గుర్తులేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, రాజధాని కర్నూల్లో ఉన్న రోజులవి. ఒక పొద్దున నా షెడ్డు ముందుకు ఎద్దుల జత ఒక పొడవాటి అమెరికా కారును లాక్కొచ్చింది. లోపల స్టీరింగు పట్టుకుని పెళ్లికొడుకులా కూర్చున్నది జమ్మలమడుగు పశువుల డాక్టరు. ఒకప్పుడు ఎద్దు తొక్కిన దెబ్బకు ఆయన ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. అయినా ఎద్దుల మీద ఆయనకు కోపం లేదు.

ఆ కారుకు క్లచ్చు పెడలు ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. దేశం వదిలి వెళ్తున్న ఒక దొర దగ్గర ఏరికోరి కొన్నాడు. కుడికాలు ఒక్కటుంటే చాలు, పులివెందుల, వేముల పల్లెల దాకా పోయి గొర్రెల మందలకు సూదులు వేసి వచ్చేవాడు. ఇప్పుడు దాని ఇంజను పగిలింది. సామాను ఎక్కడా దొరకలేదు.

"కొత్త డీజిలింజను తెప్పిద్దాం సార్. దాంతోపాటు మామూలు గేరుబాక్సు కూడా ఏసేద్దాం. పని శానా సులువు" అన్నాను.

ఆయన పంచె ఎత్తి కొయ్యకాలును నేలకేసి టకటక కొట్టాడు. "క్లచ్చు దీంతో తొక్కల్లనా అప్పా? డ్రైవరును పెట్టుకుంటే వాడు యాడికి పోదామంటే ఆడికి పోవల్ల. నా బండి నేనే తోలుకోవల్ల. కాదంటే మందల కాడికి పోయేదే మానుకుంటా" అని నవ్వాడు.

మద్రాసు నుంచి రైల్లో వచ్చిన ఇంజను ఎర్రగుంట్లలో దించుకున్నాం. కొత్త ఇంజనును, పాత గేరుబాక్సును ఎదురెదురుగా పెడితే బోల్టు రంధ్రం ఒక్కటీ కలవలేదు. మధ్యలో మందపాటి ఉక్కు పలక పెట్టాలి. అది రవ్వంత పక్కకు జరిగినా షాఫ్టు ఊగి గేరుబాక్సు నూనె కక్కుతుంది. పక్క షెడ్డులో లేతు మిషను తిప్పే మామ చేత ఆ పలకను మూడుసార్లు చేయించాను. "ఇది పలకనా, నీ పెండ్లానికి వడ్డాణమా?" అని విసుక్కున్నాడు.

యాక్సిలరేటరు నుంచి గేరుబాక్సుకు ఒక కడ్డీ పోతుంది. ఎంత గట్టిగా తొక్కితే ఆ కడ్డీ అంత లాగుతుంది, పై గేరు అంత ఆలస్యంగా పడుతుంది. దాన్ని కూడా తగిలించి బండిని రోడ్డెక్కించాను. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. రెండో గేరు పడింది. ఇక అంతే, పెడలును నేలకు ఆనించి తొక్కినా మూడోది పడలేదు. నూనె మార్చాను. గేరుబాక్సును రెండుసార్లు దించి ఎక్కించాను. నాలుగు రోజుల పాటు ఇంట్లోవాళ్లు నాకు అన్నం వడ్డించి దూరంగా జరిగారు. చివరికి, గేరుబాక్సు పోయింది, క్లచ్చు బండే గతి అని డాక్టరుకు కబురు పంపాను.

ఆయన బస్సులో వచ్చాడు. "ఒక్కతూరి నన్ను తోలనీ అప్పా. మల్ల తీసెయ్" అంటూ కడసారి చూపు చూసుకునే మనిషిలా డాష్‌బోర్డు నిమిరాడు.

జమ్మలమడుగు దారి పట్టాం. నేను తొక్కండి, ఇంకా తొక్కండి అంటుంటే, రెండో గేరులోనే రొద పెడుతూ ఊరు దాటాం. కొంతదూరం పోయాక మలుపులో గొర్రెల మంద రోడ్డెక్కింది. లారీవాళ్లయితే హారను కొడతారు. నేనైతే కాపరిని తిడతాను. బెదిరితే చూడి గొర్రెలకు మంచిది కాదని, మంద కనపడగానే పెడలు మీది నుంచి కాలు తీసేయడం ఈయన అలవాటు. అంత దూరం నుంచే తీసేశాడు.

అడుగున టక్కుమంది. రొద ఆగింది. బండి మెత్తగా మూడో గేరులోకి జారింది.

"ఏందప్పా ఇది?" అన్నాడు.

"ఆపండి సార్!" అని అరిచాను.

పాత పెట్రోలు ఇంజను తిరిగినంత వేగంగా ఈ డీజిలు తిరగదు. నేను పూర్తిగా తొక్కినప్పుడల్లా ఆ కడ్డీ, ఇంకా వేగం రానీ, అని గేరుబాక్సును ఆపేస్తోంది. ఆ వేగం ఎప్పటికీ రాదు. జబ్బు గేరుబాక్సుకు లేదు, నా మొద్దు కాలికి ఉంది! పెడలు వైపు కడ్డీ తగిలించే పిడికి మూడు రంధ్రాలున్నాయి. కొసన ఉన్నదాని నుంచి విప్పి మొదట్లో ఉన్నదానికి బిగించాను. ఇక పెడలు పూర్తిగా తొక్కినా కడ్డీ సగమే కదులుతుంది.

కాపరి వచ్చి "కారు చెడిందా సామీ?" అని అడిగాడు.

"లేదప్పా, నీ గొర్రెలు బాగుచేసినాయి" అన్నాడు డాక్టరు.

మళ్లీ బయలుదేరాం. రెండు, మూడు, నాలుగు. ఆయన పగలబడి నవ్వుతున్నాడు, కళ్ల నిండా నీళ్లు. నాకూ ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఉన్నట్టుండి బండి ఆపాడు.

"దిగప్పా."

"ఎందుకు సార్?"

"ఒక్కణ్ణే తోలి శానా దినాలాయ."

దిగాను. కొంచెం దూరం పోయి తిరిగొస్తాడనుకున్నాను. ఒక్కో గేరు మారడం వింటూ రోడ్డు మీదే నిలబడ్డాను. నాలుగోది పడ్డాక ఇంకేమీ వినపడలేదు. ఆయన తిన్నగా వేముల మందల దగ్గరికి పోయాడని మర్నాడు తెలిసింది.

నా స్పానర్లన్నీ ఆ కారులోనే పోయాయి. ఎర్రటి ఎండలో ఐదు మైళ్లు నడిచి షెడ్డుకు వచ్చాను. దారి పొడవునా ఒక్కణ్ణి కూడా తిట్టలేదు.