మార్తమ్మ పిన్ని పది నిమిషాలు

మార్తమ్మ పిన్నికి ఒకటే జబ్బు. ఎవరికైనా రక్తం కారితే చాలు, గాయాన్ని గుడ్డతో అదిమి పట్టుకుని, పది నిమిషాలు వదలకుండా ఆ మనిషి పరువు తీస్తుంది.

గిలకలదిండి రేవులో ఆమె చేపలు కోసి అమ్ముతుంది. కత్తిపీట పక్కన మూతపెట్టిన డబ్బా, అందులో ఉతికి ఇస్త్రీ చేసిన పాత నూలు తువ్వాళ్ళు ఆరు ఉంటాయి. చేతులు తుడుచుకోవడానికి ఒకటి ఇమ్మంటే చేపలు కోసే కత్తి చూపిస్తుంది.

ఆ రేవులో చేపల వేలం వేసేది నేనే. ఒకరోజు ఐసు పెట్టె రేకు గీసుకుని నా అరచెయ్యి చీరుకుపోయింది. పిన్ని వచ్చి తువ్వాలు పెట్టి నొక్కేసింది.

"ఆగిందేమో ఒకసారి చూద్దాం పిన్నీ."

"చూడకు. పది నిమిషాలు కాలేదు. తీసి చూస్తే మళ్ళీ మొదటికొచ్చుద్ది. అవునొరే శోభనాద్రీ, నీది విగ్గటగా?"

వేలానికొచ్చిన అరవై మందీ నా నెత్తి వైపు చూశారు. అది విగ్గే. మా ఆవిడకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెరిచిన నోరు మూసుకునేలోపల రక్తం ఆగిపోయింది. సొంత జుట్టేనని ఊళ్ళో నెల రోజులు వాదించాను.

వలలు బాగుచేసే అంజికి బొటనవేలు తెగినప్పుడూ అంతే. "నువ్వు పదో తరగతి మూడుసార్లు తప్పావటగా?" అంది.

"నెమ్మదిగా అత్తా, మా మావగారు ఇక్కడే ఉన్నారు."

"ఆయన వినాలనేగా."

ఈ కార్తీకంలో మాత్రం నవ్వులాట కాదు. వల లాగే ఇనుప తాడు తెగి, బోటు నడిపే ప్రభాకర్ ముంజేతిని కోసేసింది. అంత రక్తం నేనెప్పుడూ చూడలేదు. రేవంతా వినపడే గొంతున్న నేను వేలం సగంలో ఆపేసి చూస్తూ నిలబడ్డాను. క్యారియరు తెచ్చిన అతని భార్య అన్నపూర్ణ కొయ్యబారిపోయింది. ఒకడు కాఫీ పొడి తెచ్చాడు, ఒకడు డీజిలు గుడ్డ తెచ్చాడు, అంజి నైలాను దారం తీసి చేతికి బిగించబోయాడు.

"కాఫీ పొడి మీ ఇంట్లో కలుపుకో. ఆ దారం తియ్యరా, చెయ్యి ఊడిపోద్ది" అంటూ పిన్ని అందర్నీ తోసుకుంటూ వచ్చింది. ప్రభాకర్‌ని పడుకోబెట్టి, మడిచిన తువ్వాలు గాయం మీద పెట్టి, రెండు చేతులతో ఒంటి బరువంతా వేసింది. "శోభనాద్రీ, 108కి ఫోన్ చెయ్యి. నోరుందిగా నీకు."

తువ్వాలు తడిసిపోయింది. అంజి తీయబోయాడు.

"తియ్యకు. దాని మీదే ఇంకోటి వెయ్యి."

మూడోదీ వేశారు. ప్రభాకర్ చేతివైపే చూస్తున్నాడు. రెప్పలు వాలిపోతున్నాయి. "అత్తా, నేను పోతానా?"

"పోతే అవనిగడ్డలో నీ రెండో పెళ్ళాన్ని ఎవరు చూస్తారు?"

అందరూ అన్నపూర్ణ వైపు తిరిగారు. ప్రభాకర్ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. "ఎవరత్తా ఆవిడ?"

"నన్నడుగుతావేంటి? ఇద్దరు పిల్లలంటగా."

"నాకా?"

అంబులెన్సు వచ్చేదాకా అతను వాదిస్తూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళు తువ్వాళ్ళు తీయకుండా పైనుంచే కట్టు బిగించారు. బాగా పట్టుకున్నారమ్మా అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ప్రాణం నిలిపింది సరే, కాపురం ఏం కావాలి?

సాయంత్రానికి బందరు ఆసుపత్రిలో కుట్లు వేశారు, గండం గడిచింది. పిన్ని వచ్చి అన్నపూర్ణ ముందు తలవంచుకుని నిలబడింది. "అవనిగడ్డ సంగతి అబద్ధమమ్మా. ఉన్నపళంగా నోటికొచ్చింది అనేశాను."

"తెలుసు పిన్నీ" అంది అన్నపూర్ణ. "సముద్రంలో పది రోజులున్నా ఈయనకేం కాదు. బస్సెక్కితే చల్లపల్లి రాకముందే వాంతులు. రెండో కాపురం పెట్టాలన్నా నేనే తోడెళ్ళాలి."

మంచం మీద ప్రభాకర్ నవ్వబోయి మూలిగాడు. పిన్ని అటు తిరిగింది. కట్టు మీద రూపాయంత ఎర్రటి మరక కనిపించింది. ఆమె మొహం పాలిపోయింది. గోడ పట్టుకుని కిందికి జారుతుంటే నేను పట్టుకుని కూర్చోబెట్టాను.

"నాకు మనిషి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయిరా" అంది నీరసంగా. "అందుకే దెబ్బ తగిలినవాడి మొహమే చూస్తాను. నేను మాట్లాడకుండా ఊరికే చూస్తే వాడు గాయం వంక చూసి బెదిరిపోతాడు. ఇద్దరం పడిపోతే గుడ్డ పట్టుకునేదెవరు? అందుకే ఏదో ఒకటి కల్పించి వాగుతాను."

నేను నిర్ఘాంతపోయాను. "నా విగ్గు కూడా కల్పించిందేనా?"

 ఆమె చూపు మళ్ళీ కట్టు వైపే పోతోంది, రెప్పలు వాలిపోతున్నాయి. నాకు ఇంకేమీ తోచలేదు. విగ్గు తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

పిన్ని కళ్ళు విప్పారాయి. దాన్ని చూసింది, నా గుండు చూసింది. "నిజంగానే విగ్గా?" అంది. మొహంలోకి రంగు వచ్చింది.

"అటు చూడకు పిన్నీ, ఇటే చూడు. పది నిమిషాలు కాలేదు" అన్నాను. వార్డంతా చూస్తుండగా ఆ పది నిమిషాలూ నేను బోడితలతోనే కూర్చున్నాను.