ఎనిమిది లెక్కల చోటు

ఆఫ్రికా విమోచన పోరాటంలో నేను నిర్వహించిన పాత్ర గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. ఇది సముద్రాలు, జైళ్ళు, జెండాలు ఉన్న పెద్ద గాథ. అంటే, గాథ ఎక్కడో ఉంది. నాకు తగిలిన ముక్క షార్జాలోని ఒక చర్చి హాలు. దక్షిణాఫ్రికాకు స్వేచ్ఛ వచ్చిన పదకొండేళ్ళకు, 2005లో, డోలక్ పట్టుకుని పోరాటంలో చేరాను. కాస్త ఆలస్యమైన మాట నిజమే.

చేర్పించింది మా అక్క. అక్కడి ఆసుపత్రిలో నర్సు. షార్జాలోనే రోలా అనే పేటలో ఆమె ఫ్లాట్‌లోనే, వంటగదికీ బాల్కనీకీ మధ్య నా మంచం. మిగతా రోజులు బట్టల కొట్లో సేల్స్‌మన్‌ని, అక్కడి సెలవు రోజైన శుక్రవారం తెలుగు ఆరాధనలో డోలక్ వాయించేవాణ్ణి. హాలు ఒకటే, సంఘాలు చాలా. మలయాళీలు లేస్తే మేం కూర్చునేవాళ్ళం, మేం లేస్తే ఆఫ్రికా వాళ్ళు. వాళ్ళ పాటల బృందాన్ని నడిపేది అక్క వార్డులోని సీనియర్ నర్సు, యాభై దాటిన దక్షిణాఫ్రికా మనిషి. అందరూ పెద్ద సిస్టర్ అనేవారు.

వాళ్ళ స్వేచ్ఛా దినం ఏప్రిల్‌లో. దానికి పెట్టుకున్న సభకు మూడు వారాల ముందు వాళ్ళ డ్రమ్ము వాయించే ఆయన్ని కంపెనీ అబుదాబి సైటుకు మార్చేసింది. అక్క నన్ను అడగకుండానే నన్ను ఇచ్చేసింది, పక్కింటికి చక్కెర ఇచ్చినట్టు.

అది పోరాట కాలం పాట. నలుగురు ఒక మాట అంటే నలభై మంది అందుకుంటారు. మధ్యలో అందరూ గొంతు తగ్గించి కూనిరాగం తీస్తుంటే పెద్ద సిస్టర్ నిలబడి కవిత చెబుతుంది. వాళ్ళ భాషలో నాకు ఒక్క ముక్క రాదు, అయినా చేతుల మీద వెంట్రుకలు లేచేవి. ఏసీ వల్ల కూడా కావచ్చు. కవిత అవగానే పాట ఆగిపోతుంది. ఎనిమిది లెక్కల సేపు ఏమీ ఉండదు. తరువాత మళ్ళీ ఎత్తుకుంటారు.

ఆ ఏమీ లేకపోవడమే నాకు ఎక్కలేదు. మా పాటల్లో చరణం ఆగిందంటే అది డోలక్ వాడికి పిలుపు. అక్కడ ముక్తాయింపు వెయ్యకపోతే నాకు కళ్ళు తిరిగాయేమోనని పాస్టరుగారు చూస్తారు. మొదటి రిహార్సల్లో ఆ ఖాళీలో చక్కటి ముక్తాయింపు వేశాను. పెద్ద సిస్టర్ చెయ్యెత్తి ఆపి, అక్కడ వద్దంది. సరేనన్నాను. రెండోసారీ వేశాను. మూడోసారి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆరు దగ్గర వేళ్ళు వాటంతట అవే కదిలాయి.

“ఒరేయ్, ఖాళీ కనపడితే ఆగలేవు కదా. చేతులు ఊరుకుంటే నోరు, నోరు ఊరుకుంటే చేతులు,” అంది అక్క.

తెలుగువాడు ఖాళీ స్థలం చూస్తే కబ్జా చెయ్యకుండా ఉండలేడని చెప్పాను. అక్క దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబితే బృందం నవ్వింది. పెద్ద సిస్టర్ నవ్వలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

వాళ్ళ పేటలో ఆ రోజుల్లో సభలు నిషేధం, శవయాత్రలకే జనం కూడేవారట. చెప్పాల్సిందంతా అక్కడే పాడేవారు, కవితలూ అక్కడే. కవిత చివర చనిపోయినవాళ్ళ పేర్లు గట్టిగా పిలిచేవారు. జనంలో కలిసిన పోలీసు మనుషులు ఆ పేర్లు రాసుకుని ఆ ఇళ్ళ మీదికి వెళ్ళేవారు. దాంతో పైకి పిలవడం మానేశారు. పాటలో పేర్ల చోటు మాత్రం మూయలేదు. ఎవరి మనిషిని వాళ్ళు లోపలే పిలుచుకోవాలి.

ఇదంతా మందుల వేళలు చెప్పినట్టు చెప్పి, చివర అంది: “ఆ చోటు మా తమ్ముడిది. ఊరు వదిలాక వాణ్ణి పిలవబోయేది ఇదే మొదటిసారి. నువ్వేమో ప్రతిసారీ వాడి మీద కూర్చుంటున్నావు.”

ఎవరూ చెప్పకుండానే డోలక్ ఒళ్ళోంచి దించాను. నాకది కొత్త.

సభ రోజు పొద్దున అక్క, “ఇవాళ అక్కడ చెయ్యి ఆడిందో, ఖలాస్, రేపటి నుంచి నీ వంట నువ్వే వండుకో,” అంది.

హాలు నిండింది. మొదట్లో బాగానే వాయించాను. కవిత చివరికి రాగానే రెండు అరచేతులూ తొడల కింద పెట్టి, వాటి మీద బరువంతా వేశాను. పాట ఆగింది. ఒకటి. రెండు. ఎవరో దగ్గారు. నాలుగు దగ్గర ఆవిడ పెదవులు కదిలాయి; చిన్న పేరే అనుకుంటా. అక్క కళ్ళు మూసుకుంది. మా ఇంట్లో ఎవరూ అలా పోలేదు, మరి ఎవరిని పిలిచిందో నేను అడగలేదు. ఎనిమిది. పాట లేచింది. చేతులు తిమ్మిరెక్కడంతో నేను రెండు లెక్కలు ఆలస్యంగా అందుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

అయ్యాక పెద్ద సిస్టర్ వచ్చి నా చేతులు రెండూ పట్టుకుని, తిమ్మిరి పోయేదాకా నర్సులాగే నలిపింది. కళ్ళు మాత్రం నర్సు కళ్ళలా లేవు. నా దగ్గర మంచి జోకు ఒకటి సిద్ధంగా ఉంది. అక్క భయంగా నా నోటివైపు చూసింది. నేను అది అనలేదు.

నాలుగింటికి ఫిలిప్పీన్స్ వాళ్ళ వంతు. ముగ్గురం కుర్చీలు సర్దాం. ఆ రకం ప్లాస్టిక్ కుర్చీలు పదేసి మాత్రమే పేర్చాలి; పన్నెండు దాటితే దొంతర ఒక పక్కకు ఒరుగుతుంది.