ఇనుముకు మంచినీళ్ళు పోయించిన మనిషి

మా పెయింటింగ్ ఫోర్‌మన్ సారు పోయారని మొన్న కాకినాడ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్న మీ మాట చెప్పేవారండీ" అంది. "అట్లనా అమ్మా" అన్నాను. మిగిలింది మీకు చెబుతున్నాను.

తొంభైల్లో ఖతర్‌లో, అల్ ఖోర్ దాటాక, ఒక జెట్టీ పని. సముద్రంలో దించబోయే ఇనుప స్తంభాలు తుప్పు పట్టకుండా ఒడ్డునే రంగు వేసేవాళ్ళం. గొట్టంతో ఇసుక కొట్టి ఇనుమును తెల్లగా తీశాక మంచినీళ్ళతో కడగాలి. ఉప్పుగాలి చోటు మరి. ఆరాక సారు తడివేలు ఇనుము మీద రాసి నాలుకకు అద్దుకునేవారు.

"సారు చారు రుచి చూస్తుండు. ఉప్పు సరిపోయిందా సార్?" అని మా జగిత్యాల వాళ్ళు నవ్వేవారు.

"ఎక్కువైందిరా బాబూ, మళ్ళీ పొయ్యండి నీళ్ళు. ఉప్పు మీద రంగేస్తే దొంగని లోపలెట్టి తలుపేసినట్టే."

ఒక గురువారం నీళ్ళ ట్యాంకర్ రాలేదు. సారు వేరేచోట ఉన్నారు. మర్నాడు శుక్రవారం, అక్కడ సెలవు; పని మిగలకూడదని చివరి స్తంభాన్ని కడగకుండానే రంగు వేసేశాను. నున్నగా మెరిసింది. శనివారం దించేస్తే ఇక ఎవరికీ తెలియదు. చెబితే ఇంటికి పంపుతారని భయం. నేను వచ్చి నాలుగు నెలలే. క్యాంపు బస్సు ఎక్కి, మళ్ళీ దిగి, అప్పుడే తిరిగొచ్చిన సారు దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఆ చివరిది నేను కడగలే. గట్లనే రంగేసిన."

ఆయన స్తంభం దగ్గరికి నడిచి, రంగు మీద వేలు పెట్టి చూశారు.

"ఇంజనీరు గారికి నేను చెప్తాలే. రేపు పొద్దున్నే వచ్చెయ్. ఒక్కడివల్ల అవ్వదు, నేనూ వస్తాను."

"రేపు శుక్రవారం, మీ క్రైస్తవులందరి ప్రార్థన ఇక్కడ ఆ దినమే గద సార్?"

"దేవుడు ఆగుతాడయ్యా. సముద్రం ఆగదు."

ఇంజనీరుతో ఏం చెప్పారో నాకు ఎన్నడూ చెప్పలేదు. నన్నెవరూ పంపలేదు. ఆ తర్వాత ఏడేళ్ళు ఆయన కిందే పనిచేశాను.

ఆ శుక్రవారం, ముందురోజు వేసిన రంగంతా ఊడగొట్టి, సారు తెప్పించిన మంచినీళ్ళతో కడిగి, కొత్తగా వేశాం. ఇంకా తడిగా ఉండగానే ఎడారి వైపు నుంచి దుమ్ముగాలి లేచింది. టార్పాలిన్ ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని అడ్డం నిలబడ్డాం. రంగు ఆరేదాకా వదలలేదు. పట్టా ఉబ్బి మా ఇద్దరినీ వెనక్కి నెడుతోంది. సారు తలనిండా దుమ్ము. కళ్ళు గట్టిగా మూసుకుని, అక్కడ ప్రార్థనలో తనవాళ్ళంతా పాడుతున్న కీర్తనను ఇక్కడ ఒక్కరే, గాలి హోరును మించి వినబడేలా పాడుతున్నారు.