తరుగు లెక్క ఎవరిది?

రిటైర్మెంటుకు ముందు సంవత్సరం, వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చే రోజుల్లో నాకు ఆఖరి పెద్ద పని అప్పగించారు. హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో లైసెన్సుల విభాగానికి నేను అధికారిని. లారీ కాటా నుంచి తూకం తీసుకుని, తేమను బట్టి తరుగు కట్టి, తెలుగులో చీటీ ఇచ్చే, ఎవరైనా ఉచితంగా వాడుకుని మార్చుకోగల ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఒకటి మా నిర్వహణలో ఉండేది. చిన్న మిల్లులు చాలావరకు దాన్నే వాడేవి. దాన్ని మార్చి పంచేవారు తమ కోడ్ కూడా బయటపెట్టాలన్నది పాత లైసెన్సు షరతు. అందుకే కాటాలు తయారుచేసేవారు దాని జోలికి రాలేదు. ఆ షరతు సడలించడమే నాకిచ్చిన పని. అందుకు కోడ్‌పై హక్కున్న ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి.

అందులోని తరుగు లెక్క రాసి ఇచ్చింది స్వరూప. సూర్యాపేటలో కంప్యూటర్ లెక్చరర్. ఒప్పుకుంటున్నానని వెంటనే మెయిల్ పంపింది. పద్ధతి ప్రకారం ఫోన్ చేసి, అది రాసినప్పుడు ఎక్కడ పనిచేసేవారని అడిగాను.

"మిర్యాలగూడల, ఒక మిల్లుల సార్. ఆ మిల్లు కాటా కోసమే రాసిన."

ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌పై, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిదే. ఆ మాటే ఆమెకు చెప్పాను.

"అంటే నాది కాంది అందరికి పంచిననా సార్? పిల్లలకు నాదే అని చెప్పుకున్న. ఇగ మిల్లు సేటుకు ముఖమెట్ల సూపియ్యాలె?"

ఆయన కాదంటే ఇప్పటిదాకా పంచింది కూడా చెల్లదు. ఇద్దరం మిర్యాలగూడ వెళ్లాం.

మిల్లు యజమాని లక్ష్మయ్య గదిలో గుమాస్తాలు, లారీ డ్రైవర్లు ఉన్నారు. ఆయన్ను పక్కకు పిలవాలని నాకు తోచలేదు. హక్కులు, ఉల్లంఘన అంటూ అక్కడే మొదలుపెట్టాను. స్వరూప తల దించుకుని నిలబడింది.

"తప్పయింది సేటూ. మిమ్ములను అడగకుండనే ఇచ్చిన."

"ఏం ఎత్కపోయింది సేటూ?" అన్నాడు ఒక డ్రైవర్. ఆమె మెడ దాకా ఎర్రబడింది.

"ఏం ఎత్కపోలే," అన్నాడు లక్ష్మయ్య. "బిడ్డా, నువ్వు పోయినంక గూడ ఈడ నీ లెక్కనే నడుస్తున్నది. ఒక్కమాట అడిగితే వద్దంటుంటినా?"

సమ్మతి పత్రం చదివించుకుని సంతకం చేశాడు. డ్రైవర్‌కు అసలు సంగతి చెబుదామని నేను బయటికొచ్చేసరికి లారీ వెళ్లిపోయింది. అప్పటికి గానీ నాకు సిగ్గనిపించలేదు.

కోడ్‌లో హక్కుదారుగా మిల్లు పేరు చేర్చాం. రచయితగా తన పేరు తీసేయమని స్వరూప అడిగింది. హక్కు ఎవరిదైనా రాసినవారి పేరు ఉండవచ్చని చెప్పాను. అయినా వద్దంది. తీసేశాం.

కోడ్ ఎవరు రాశారనే కాదు, ఎవరి కొలువులో ఉండి రాశారో కూడా దాన్ని తీసుకునేటప్పుడే అడగాలి. ఆ సంగతి నలుగురిలో ఎత్తకూడదు.