పొగ బంద్ చేసి, మా పొయ్యి ఆరకుండ చూసిన వసుంధర మేడం

నిన్న పొద్దున పనికి పోదామని బండి స్టార్ట్ చేస్తుంటే ఫోనొచ్చింది. వసుంధర మేడం వాళ్ల బిడ్డ.

"అన్నా... అమ్మ వెళ్ళిపోయింది."

గేటు పట్టుకొని అట్లనే నిలబడ్డ.

జర తేరుకున్నంక అడిగిన, "మేడం ఆఖర్ల కష్టపడ్డరా అమ్మా?"

"లేదన్నా. నిద్రలోనే. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో."

శానా దినాల సంది మేడంకు ఊపిరితిత్తుల బీమారి. ఆఖర్ల శ్వాస ఆడక తండ్లాడతరేమో అని మాకందరికీ ఒకటే భయం. ఆ బాధైతే తప్పింది.

ఏడుపొచ్చింది. దాంతోపాటే నిమ్మళం గూడ.

మేడం ఎవరో మీల శానామందికి తెల్వదు. అందుకే రాస్తున్న.

తొంభైల చివర్ల ముచ్చట. మాదాపూర్‌ల అప్పటికి బండరాళ్లు ఎక్కువ, బిల్డింగులు తక్కువ. పాలమూరు దిక్కుకెళ్లి వచ్చి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బిల్డింగ్‌ల డీజిల్ జనరేటర్ ఆపరేటర్‌గ చేరిన. నాతోని ఇంకో ఆపరేటర్ యాదయ్య అన్న.

కరెంట్ ఎప్పుడు పోతదో తెల్వదు. పోతే లోపల కంప్యూటర్లు ఆగొద్దు, ఏసీలు ఆగొద్దు. రెండు జనరేటర్లు మొత్తుకునేటివి. పొగంత వెనకున్న కూలీల గుడిసెల మీదికే. నేను గూడ హఫీజ్‌పేట్‌ల మా కిరాయి రూముకు పోయి ముక్కు చీదితే నల్లగొచ్చేది.

కొత్తగ పెండ్లయింది. జీతం వస్తున్నది. పొగ ఫికర్ ఎవలికున్నది?

అప్పుడొచ్చిన్రు మేడం. కాకినాడ ఆమె, ఎలక్ట్రికల్ ఇంజనీర్. బిల్డింగ్ మెయింటెనెన్స్ అంత ఆమె చేతికిచ్చిన్రు.

వచ్చుడు వచ్చుడే ఫ్లోర్ ఫ్లోర్ తిరిగిన్రు. మనుషులు లేని హాళ్లల్ల లైట్లు బంద్. ఎండకాలంల గూడ స్టాఫ్ స్వెటర్లు వేసుకొని కూసుంటుండె, ఏసీ అంత చల్లగుండె. అది తగ్గించిన్రు. ఎండ వేడి లోపలికి రాకుండ కిటికీ అద్దాలకు ఫిల్మ్ వేయించిన్రు. టెర్రస్ మీద తెల్ల సున్నం కొట్టించిన్రు. క్యాంటీన్ వేడినీళ్లకు సోలార్ హీటర్ పెట్టించిన్రు.

కొన్ని నెలలకే లోడ్ ఎంత పడిపోయిందంటే, కరెంట్ పోయినా ఒక్క జనరేటర్ సరిపోతుండె.

ఆఫీసంత చప్పట్లు కొట్టిన్రు.

నాకు, యాదయ్య అన్నకు గుండెల రాయి పడ్డది. ఒక్క జనరేటర్‌కు ఇద్దరు ఆపరేటర్లెందుకు? మమ్ముల పనిల పెట్టిన కాంట్రాక్టర్ సాఫ్ సాఫ్ చెప్పిండు, నెలాఖరుకు ఒక్కడే ఉంటడని. ఎవలో చెప్పలే.

నా మనసు ఆగలే. సీదా మేడం క్యాబిన్‌కు పోయిన.

"మేడం, మీరు పొగ బంద్ చేస్తున్నరా, మా పొయ్యి బంద్ చేస్తున్నరా?"

కోపం చేస్తరనుకున్న. కుర్చీ చూపించిన్రు.

"కూర్చోండి లక్ష్మణ్. మీరడిగింది న్యాయమేనండి. నేను డీజిల్ గురించే ఆలోచించాను. మీ ఇద్దరి గురించి ఆలోచించలేదు."

మళ్ల అన్నరు:

"మనం పని ఆపట్లేదు కదండీ, అదే పని తక్కువ కాల్చి చేస్తున్నాం. రేపు అందరూ ఇలాగే చెయ్యాలి. లేకపోతే ఈ ఎండలు, ఈ గాలి మన పిల్లలు తట్టుకోలేరు. కానీ దాని కోసం మీరు రోడ్డున పడితే, నేను చేసింది సగం పనే."

తెల్లారి నుంచి మేనేజ్‌మెంట్ వెంట పడ్డరు. హీటర్లు, ఏసీలు, కొత్త వైరింగ్ చూసుకునేటందుకు మనుషులు కావాలె గద, బయటోళ్లెందుకు, మన ఆపరేటర్లకే నేర్పిద్దాం అని. వాళ్లు ఒక పట్టాన ఒప్పుకోలే. "వాళ్ల పనికి నాది బాధ్యత" అని మేడం అన్నరంట.

ఆ దినాలు ఎట్ల గడిచినయో నాకే ఎరుక. ఇంట్ల ఆమె కడుపుతోని ఉన్నది. చెప్తే పరేషాన్ అయితదని చెప్పలే.

నెలాఖరుకు మేడమే స్వయంగ జనరేటర్ రూముకొచ్చిన్రు.

"ఇద్దరూ ఉంటున్నారండి."

నేను ఇంటికి ఉరికినంత పని చేసిన. మా ఆమె నన్ను చూసి, "ఏంది, నవ్వుకుంట ఏడుస్తున్నవ్?" అన్నది.

కానీ మేడంకు తెల్వదు, యాదయ్య అన్న అప్పటికే పని ఇడిసిపెట్టిండు. తీసేస్తే ఇజ్జత్ పోతది, అంతకంటే ముందే పోవుడు నయమని, రూము ఖాళీ చేసి ఎటో పోయిండు. అప్పుడు మా దగ్గర ఫోన్లు యాడియి?

నన్ను మేడం టెర్రస్ మీద నిలబెట్టి సోలార్ పని నేర్పిన్రు. ఆ పనే ఇయ్యాల నా అన్నం. శేరిలింగంపల్లి చుట్టుపక్కల ఇండ్ల మీద సోలార్ ప్యానెళ్లు బిగిస్తున్న.

లో-కార్బన్ ఎకానమీ అని ఇప్పుడు పెద్ద పెద్ద మీటింగులల్ల అంటున్నరు. నాకు తెలిసింది ఇంతే. గుడిసెల మీద పొగ తగ్గాలె. నా అసొంటోని కంచంల అన్నం తగ్గొద్దు. రెండిట్ల ఏది తప్పినా అది సక్కగ కానట్టే.

మేడంకు మాత్రం ఒక ముల్లు ఉండిపోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే అడుగుతుండె. "యాదయ్య కనిపించారా?"

పోయిన నెల బాచుపల్లిల ఒక ఫంక్షన్‌కు పోతే, ఎదురుంగ యాదయ్య అన్న! తల తెల్లగైంది. లిఫ్టుల మెయింటెనెన్స్ పని నేర్చుకున్నడట, పిల్లలు సెటిలైన్రట. పట్టుకొని అలాయ్ బలాయ్ చేసుకున్న. ఆడికెళ్లే మేడంకు వీడియో కాల్ కలిపిన.

ముక్కుకు ఆక్సిజన్ పైపు ఉన్నది. మాట సన్నగొస్తున్నది.

"నేను మంచిగున్న మేడం. మీరు నా ఫికర్ పెట్టుకోకుండ్రి" అన్నడు అన్న.

మేడం శానా సేపు ఆయన మొహమే చూసిన్రు.

"అమ్మయ్య" అన్నరు.

గంతే. కండ్లు మూసుకొని నవ్విన్రు. ఆ కాల్ తర్వాత అమ్మ హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టిందన్నా అని నిన్న వాళ్ల బిడ్డ చెప్పింది.

నిన్న సాయంత్రం పాడెకు ఒక దిక్కు నేను, ఒక దిక్కు యాదయ్య అన్న భుజం పట్టినం.

పోయి రండి మేడం. మా గురించి ఇగ ఏ రంధి పెట్టుకోకుండ, సల్లగ నిద్రపోండి.